ఇల్లు ఖాళీగానే ఉంది, ఆ పిల్లలకి మాత్రం ఇవ్వరంట

వెన్నెల_రాజమండ్రి
అందరికీ నమస్తే అండి. నేను రాజానగరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా క్లాసులో టాంజానియా నుంచి వచ్చిన కుర్రాళ్ళు ముగ్గురున్నారు, హాస్టల్ తిండి పడక బయట రూము తీసుకుందామని తిరుగుతున్నారు. టూలెట్ బోర్డున్న ఇంటికెళ్తారు, ఓనరుగారు గేటు దాకా వచ్చి ముఖాలు చూసి ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామయ్యా అంటారు, వారం పోయాక చూసినా ఆ బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటది. అదే నంబరుకి నేను ఫోన్ చేస్తే ఖాళీగానే ఉందండి ఎప్పుడొస్తారు అంటారు. పిల్లల సంగతి చెప్పగానే అబ్బే వాళ్ళకైతే కుదరదండి అని పెట్టేస్తారు.

నాకు ఇల్లు దొరక్కపోవడం కన్నా ఇంకోటి బాధగా ఉంది. అందులో ఒక కుర్రాడు మొదటి సంవత్సరం ముందు బెంచీలో కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసేవాడు. ఇప్పుడు వెనక గోడకి ఆనుకుని కూర్చుంటాడు, పిలిస్తేనే మాట. కూరగాయలకి కూడా చీకటి పడ్డాకే వెళ్తున్నారంట, ఏమయ్యా అంటే చీకట్లో అయితే ఎవరూ ఫోన్లో వీడియో తియ్యరు మేడమ్ అన్నాడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు, అయినా ఆ పిల్లాడు రోజురోజుకీ చిన్నగా అయిపోతున్నాడు. ఇలాంటివి మనిషిని లోపల ఏం చేస్తాయి, వాళ్ళతో పాటు ఉన్నవాళ్ళని ఏం చేస్తాయి, మీరు చూసింది పడింది చదివింది చెప్పండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

అత్తిలి_రైతుబిడ్డ
మేడమ్ గారూ ఏమీ అనుకోకండి, నాకూ రాజమండ్రిలో రెండు పోర్షన్లు అద్దెకున్నాయి కాబట్టి చెప్తున్నాను. ఓనరు బాధ ఓనరుది. టీవీ పెడితే డ్రగ్స్ కేసులో నైజీరియన్ అరెస్ట్ అని వస్తది, రేపేదన్నా అయితే పోలీసోళ్ళు ముందు మా గుమ్మం ఎక్కుతారు. పైగా ఫారినోళ్ళకి ఇస్తే ఏవో కాగితాలు పెట్టాలంట, అవి తెలియక కేసయితే ఎవరు తిరుగుతారండి కోర్టుల చుట్టూ. మేం మన బ్యాచిలర్ కుర్రాళ్ళకే ఆలోచించి ఇస్తాం. దీన్ని భయం అనండి ఒప్పుకుంటాను, జాతివివక్ష అని పెద్ద మాట అనేస్తే మాత్రం కష్టంగా ఉంటది.

లాయరు_కాకినాడ
రైతుబిడ్డ గారూ, కాగితం సంగతి చెప్తాను, అది మీరనుకున్నంత పెద్దది కాదు. విదేశీయుడు మీ ఇంట్లో దిగిన 24 గంటల్లోపు సీ ఫారం అనేవాళ్ళం, 2025 నుంచి ఫారం 3 అంటున్నారు, అదొకటి ఆన్‌లైన్‌లో నింపాలి, హోటలయినా గెస్ట్‌హౌస్ అయినా మామూలు ఇల్లయినా ఇదే పద్ధతి. పాస్‌పోర్టు వీసా కాపీలు దగ్గరుంటే పది పదిహేను నిమిషాల పని. స్టూడెంట్లయితే కాలేజీవాళ్ళు ఇంకో ఫారం విడిగా పెడతారు కాబట్టి ఆ పిల్లలు ఎవరో ఏంటో ప్రభుత్వానికి ముందే తెలిసి ఉంటది. నిజానికి ఊరూపేరూ తెలియని మన బ్యాచిలర్ కంటే వీళ్ళ రికార్డే పక్కాగా ఉంటది.

ఇంకోటి. రాజ్యాంగం 15వ అధికరణం జాతి, కులం, మతం, లింగం, పుట్టిన చోటు చూసి వివక్ష చూపకూడదంటది, దుకాణాలు హోటళ్ళు బావులు అన్నిటిలోకీ రానివ్వాలంటది, కానీ అది పౌరులకి. ఈ పిల్లలకి 14 (చట్టం ముందు సమానత్వం), 21 (ప్రాణం, స్వేచ్ఛ) వర్తిస్తాయి, అవి మనుషులందరికీ. ఇకపోతే ఇలా రంగు చూసి సొంత ఇల్లు అద్దెకివ్వను అనేవాణ్ణి నేరుగా పట్టుకునే చట్టం మన దగ్గర లేదు, అందుకే ఈ గేటు దగ్గర అబద్ధం ఇంత తేలిగ్గా సాగిపోతోంది.

వెన్నెల_రాజమండ్రి
లాయరుగారికి చాలా థాంక్స్ అండి, సీ ఫారం సంగతి నేను ఓనర్లకి చెప్పి చూస్తాను. రైతుబిడ్డ గారూ, ఆఫ్రికాలో టాంజానియా తూర్పు చివర, నైజీరియా పడమటి చివర, మధ్యలో కొన్ని వేల కిలోమీటర్లు. గంజాయి కేసుల్లో మన జిల్లా కుర్రాళ్ళు దొరికినట్టు పేపర్లో వస్తూనే ఉంది కదా, అలాగని గోదారోళ్ళకి ఇల్లివ్వం అని హైదరాబాదులో ఎవరన్నా అంటే మనకెలా ఉంటది? ఒకడి తప్పు ఆ రంగున్న అందరికీ రాసెయ్యడం, నేను అడిగేది దాని గురించేనండి.

తాళ్ళరేవు_మనవడు
వెన్నెల గారూ మీ పోస్టు చదివి రాత్రి మా నాన్నమ్మ చెప్పినవన్నీ గుర్తొచ్చి పడుకోలేదు. మాది కోరంగి పక్కన. మా ముత్తాత రంగం వెళ్ళినోడు, ఇప్పటి పిల్లలకి తెలీదేమో, రంగూన్‌ని మావోళ్ళు రంగం అనే అనేవారు. మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, కాకినాడలో ఓడెక్కితే అక్కడ రేవులో మూటలు మొయ్యడమే పని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా మన దేశపోళ్ళే ఉన్నారు, అందులో ఓడరేవు కూలీలంటే చాలావరకు తెలుగోళ్ళే. అక్కడోళ్ళు మనోళ్ళని కోరంగీలు అనేవారు. మా ఊరి పేరు అక్కడ ఒక తిట్టయి కూర్చుంది.

1930 మే నెలలో మన కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీలోళ్ళు బర్మా కూలీలని తెచ్చి పెట్టారు. నెలాఖరుకి సమ్మె తెగింది, మనోళ్ళని మళ్ళీ పనిలోకి పిలిచారు, పొద్దున్నే పనికొచ్చిన బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ పూటే మొదలైంది. రోజుల తరబడి వీధుల్లో కత్తులు, కనపడ్డ తెలుగోడినల్లా నరికారు, వందమందికి పైగా పోయారని సర్కారు లెక్క, అసలు లెక్క అంతకంటే బాగా ఎక్కువని అప్పుడే అనుకున్నారు. చూడండి, డబ్బు మిగిలింది కంపెనీకి, ఆకలి అక్కడి కూలీదీ ఇక్కడి కూలీదీ, తన్నుకున్నది మాత్రం ఆళ్ళిద్దరూ. జాతి పేరు చెప్పి కడుపు మంటని పక్కోడి మీదకి తిప్పడం ఎంత తేలికో నాకు ఆ కథతోనే తెలిసింది.

మా ముత్తాత బతికాడు. కానీ నాన్నమ్మ చెప్పేది, ఆ తర్వాత ఆయన వీధిలో తెలుగులో గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడేవాడంట, పిల్లల్ని బయట నాన్నా అని పిలవొద్దనేవాడంట. 1942లో జపానోళ్ళ బాంబులు పడినప్పుడు లక్షల మంది అరకాన్ వైపూ మణిపూర్ వైపూ కాలినడకన బయల్దేరారు, ఓడల్లో విమానాల్లో ముందు చోటు తెల్లోళ్ళకి, మనోళ్ళకి అడవి దారి. దారిలోనే వేలమంది పోయారు, మా ముత్తాత తమ్ముడు అందులో ఒకడు, ఎక్కడ పోయాడో కూడా తెలీదు, తద్దినం తిథి ఊహించుకుని పెడతాం. మిగిలినోళ్ళు మళ్ళీ వెళ్ళి కొట్లు పెట్టుకుంటే 1964లో ఆ కొట్లన్నీ జాతీయం చేసి పెద్ద నోట్లు రద్దు చేశారు, దాదాపు మూడు లక్షల మంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది చూడండి, అక్కడ అడగండి ఎవర్నన్నా.

అక్కడ మనం కోరంగీలం. ఇక్కడ మన గేటు ముందు నిలబడ్డోళ్ళకి మనం ఏమవుతున్నాం? నాకు కోపం కాదండి, బాధ.

అత్తిలి_రైతుబిడ్డ
మనవడు గారూ మీ ఇంటి కథ చదివి కళ్ళు చెమ్మగిల్లాయి, అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ అది తెల్లదొరల కాలం, అప్పుడు పద్ధతి వేరు. దొరల్లోనూ కాటన్ దొర లాంటోడు ఉన్నాడు, ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేసి మన డెల్టాకి అన్నం పెట్టాడు, మా ఇంట్లో ఇప్పటికీ ఆయన ఫొటో ఉంది. అందర్నీ ఒక గాటన కట్టడం నాకిష్టం ఉండదు.

తణుకు_మాస్టారు
నాయనా రైతుబిడ్డా, అందర్నీ ఒక గాటన కట్టొద్దు అన్నావు చూడు, వెన్నెల గారు అడిగేది అదే కదా. తెల్లవాళ్ళ విషయంలో నీకు ఆ మాట తోచినప్పుడు టాంజానియా పిల్లల విషయంలో ఎందుకు తోచదు?

ఒక సంగతి చెప్తాను, ఇది మన జిల్లాలోనే జరిగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడి వెళ్ళాక ఊరూరా పిల్లలు వందేమాతరం అనడం మొదలుపెట్టారు. కాకినాడలో కెంప్ అని జిల్లా వైద్యాధికారి, బండిలో పోతుంటే కోపల్లె కృష్ణారావు అనే కుర్రాడు వందేమాతరం అన్నాడు. డాక్టరు, ప్రాణం పోయాల్సినవాడు, బండి దిగి ఆ పిల్లాణ్ణి స్పృహ తప్పేలా కొట్టాడు. ఆ రాత్రి జనం పోయి యూరోపియన్ క్లబ్బు మీద పడ్డారు. క్లబ్బు మీదకే ఎందుకు వెళ్ళారో ఆలోచించండి, ఆ గుమ్మంలోకి మన ఊరివాడు రాకూడదని రోజూ చూస్తున్న గుమ్మం అది. ఆ రాత్రి కోపం ఆ ఒక్క దెబ్బది మాత్రమే కాదు, ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నది. అవమానం జరిగినవాళ్ళు మౌనంగా ఉన్నారు కాబట్టి ఏమీ జరగలేదని ఎవరూ అనుకోవద్దు.

డాక్టరమ్మ_భీమవరం
డ్యూటీ అయ్యి ఇప్పుడే వచ్చాను, పొడుగ్గా రాస్తున్నాను ఏమనుకోకండి, ఈ విషయం నాకు బాగా దగ్గర.

వెన్నెల గారు లోపల ఏం జరుగుతుందని అడిగారు కదా, అది మాటవరసకి కాదండి, నిజంగానే ఒంట్లో జరుగుతుంది. ఎవరో అవమానిస్తారేమో అని ఎదురుచూస్తూ బతికితే ఒళ్ళు ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే పనిచేస్తుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను దిగదు, బీపీ దిగదు, నిద్ర సరిగ్గా పట్టదు. ఒక్కరోజయితే తట్టుకుంటాం, ఏళ్ళ తరబడి అయితే గుండె, రక్తనాళాలు, షుగరు అన్నీ దెబ్బతింటాయి. అమెరికాలో ఆర్లిన్ జెరోనిమస్ అనే ఆవిడ 1992లో ఇది రాసింది, నల్లజాతి ఆడవాళ్ళ ఒళ్ళు వయసుకి ముందే అరిగిపోతోందని, అందుకే తెల్లవాళ్ళకి ఇరవైల్లో కాన్పు సులువవుతుంటే వీళ్ళకి ఆ వయసు వచ్చేసరికే ఇబ్బందులు పెరుగుతున్నాయని. ఇప్పటికీ అక్కడ కాన్పు సంబంధంగా చనిపోయే నల్లజాతి తల్లులు తెల్లవాళ్ళతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. డబ్బు లేక అంటారేమో, కాదు, కాలేజీ చదువుకున్న నల్లజాతి తల్లి కూడా స్కూలు దాటని తెల్ల తల్లి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

పుట్టుకలోనే ఏదో ఉందేమో అంటారు కొందరు. 1997లో ఇలినాయ్ రాష్ట్రం కాన్పుల లెక్కలు తీసి చూశారు. ఆఫ్రికాలో పుట్టి అమెరికా వచ్చిన నల్లజాతి తల్లుల పిల్లల బరువు తెల్లవాళ్ళ పిల్లల బరువుకే దగ్గరగా ఉంది, అమెరికాలోనే పుట్టి పెరిగిన నల్లజాతి తల్లుల పిల్లలే తక్కువ బరువుతో పుట్టారు. మరి రక్తంలో ఉంటే ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చిన వాళ్ళకే కదా ఎక్కువ ఉండాలి. ఆ దేశంలో ఆ రంగుతో పెరగడమే ఒంటికి తగిలింది.

ఆస్పత్రులు కూడా దీనికి అతీతం కాదండి. అమెరికాలో టస్కిగీ అనే ఊళ్ళో 1932 నుంచి 1972 దాకా దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద ప్రభుత్వమే పరిశోధన నడిపింది, వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది, పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు, జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆ జనం డాక్టర్ని నమ్మడం మానేస్తే తప్పెవరిది? కోవిడ్‌లో మనందరం వేలికి పెట్టుకున్న ఆక్సిమీటరు నల్లటి చర్మం మీద అసలు కంటే ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తుందని 2020 డిసెంబరులో పేపరు వచ్చింది, ఆక్సిజన్ పడిపోయినా మిషను కనిపెట్టలేకపోవడం నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు. ఎవరూ పగతో చెయ్యలేదు, ఎవరి వేలి మీద పరీక్షించాలో ఆలోచించేటప్పుడు వీళ్ళు గుర్తుకు రాలేదు, అంతే.

మా భీమవరం వాళ్ళం గొప్పగా చెప్పుకునే యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి కూడా చెప్పాలి. 1895లో ఇక్కడ పుట్టారు. మద్రాసులో మెడిసిన్ చదివేటప్పుడు ఖద్దరు తొడుక్కున్నారని తెల్ల ప్రొఫెసరుకి కోపం వచ్చింది, ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి ఎల్ఎంఎస్‌తో సరిపెట్టారు. అమెరికా వెళ్ళారు. అక్కడ 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో ఇండియావాళ్ళు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారు అనేసింది, ఆ దారి మళ్ళీ తెరిచిన చట్టం 1946లో గానీ రాలేదు. అంటే ఆయన హార్వర్డ్‌లో కష్టపడిన కాలమంతా, లెడర్లీ అనే మందుల కంపెనీలో పెద్ద పెద్ద మందులు చేసిన కాలంలో ఎక్కువ భాగం, ఆ దేశం ఆయన్ని నువ్వు మావాడివి కాలేవు అనే అంది. 1948లో పోయారు. ఆయన బృందం కనిపెట్టిన డీఈసీ మాత్ర మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించారు కదా, ఆ మాత్రే. ఒక మనిషిని గుమ్మం బయట నిలబెట్టినప్పుడు ఎవరిని పోగొట్టుకుంటున్నామో ఆ గుమ్మానికి తెలియదు.

డాలస్‌లో_పాలకొల్లు
డాక్టరుగారూ థిండ్ కేసు గురించి రాశారు కదా, ఆ తీర్పు తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. అప్పటికే పౌరసత్వం వచ్చిన ఇండియన్లది కూడా వెనక్కి లాక్కున్నారు. వైష్ణోదాస్ బగాయ్ అని పెషావర్ నుంచి పెళ్ళాం పిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి కొట్టు పెట్టుకున్నాయన, పౌరసత్వం పోయింది, ఆస్తి ఉంచుకునే హక్కు పోయింది, 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఎందుకు చచ్చిపోతున్నాడో పేపరుకి ఉత్తరం రాసి మరీ.

నేను ఇక్కడికొచ్చి చాలాకాలం అయింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో ఒలేథా అనే ఊళ్ళో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక బార్‌లో కాల్చి చంపినప్పుడు, నా దేశం నుంచి వెళ్ళిపోండి అని అరిచి మరీ కాల్చాడు, ఆ వారం మా ఇళ్ళల్లో ఎలా ఉందో చెప్పలేను. కాల్చినోడికి తర్వాత జీవితఖైదు పడింది, అడ్డుపడిన తెల్లకుర్రాడు ఇయాన్ గ్రిలట్ కూడా బుల్లెట్ తిన్నాడు, అది కూడా మర్చిపోకూడదు. కానీ తగిలింది ఒక్క కుటుంబానికి కాదు. బయట తెలుగులో మాట్లాడొద్దు, రాత్రి ఒంటరిగా వెళ్ళొద్దు, ఎవరన్నా ఏమన్నా అంటే తల దించుకుని వచ్చెయ్యండి అని వాట్సాప్ నిండా సలహాలు. పాలకొల్లు నుంచి మా అమ్మ రోజుకి మూడుసార్లు ఫోన్. మా పాప షాపులో నాన్నా అని పిలిస్తే మా ఆవిడ మెల్లిగా మాట్లాడమ్మా అంది. ఇందాక తాళ్ళరేవు మనవడు గారు వాళ్ళ ముత్తాత గురించి రాసింది చదివి నాకు ఒళ్ళు జలదరించింది, తొంభై ఏళ్ళ దూరంలో అదే మాట.

ఉద్యోగాల సంగతి ఇంకోటి. 2004లో ఇద్దరు ఎకానమిస్టుల పరిశోధన అచ్చయింది, వాళ్ళు అంతకుముందు బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి దాదాపు 5000 రెజ్యూమేలు పంపారు, చదువూ అనుభవం ఒకలాంటివే, పేర్లు మాత్రం కొన్ని తెల్లవాళ్ళవి కొన్ని నల్లవాళ్ళవి. తెల్లపేర్లకి పిలుపులు 50 శాతం ఎక్కువ వచ్చాయి. ఇక్కడ నల్లవాడి రెజ్యూమే పక్కన పెట్టినవాడికి తను ఏదో పాపం చేశానని కూడా తెలీదు. అవతలివాడికి ఎందుకు పిలవలేదో ఎప్పటికీ తెలీదు, తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఉంటాడు.

మనవాళ్ళకి ఇక్కడ చెప్పుకోడానికి ఇష్టం లేనిది ఒకటుంది. ఇల్లు కొనేటప్పుడు ఆ ఏరియాలో నల్లవాళ్ళెక్కువ వద్దులే అనుకోవడం నేను ఎన్ని ఇళ్ళల్లో విన్నానో. 1930ల్లో ప్రభుత్వమే మ్యాపుల మీద నల్లవాళ్ళ పేటల చుట్టూ ఎర్రరంగు వేసి ఇక్కడ లోన్లివ్వొద్దు అంది, 1968 చట్టం వచ్చేదాకా అలా సాగింది, ఇల్లు లేక ఆస్తి లేక, ఆస్తి లేక మంచి స్కూలు లేక ఆ పేటలు అలా మిగిలిపోయాయి. వాళ్ళు రోడ్డెక్కి దెబ్బలు తిని తెచ్చుకున్న హక్కుల వెనకాలే 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చింది, దాని మీదే మనం అందరం ఇక్కడికొచ్చాం. వాళ్ళకి మనం రుణపడి ఉన్నాం, అది మన పిల్లలకి చెప్పాలి.

రాజోలు_అమ్మాయి
నేను ఈ వేదికలో చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, నేను చిన్నప్పుడే. మా వైపు వీధికి ఇద్దరు ముగ్గురు అలా వెళ్ళినవాళ్ళే, రాజోలు నర్సాపురం పాలకొల్లు అంతా అంతే.

అక్కడ పాస్‌పోర్టు చూసి జీతం అండి. అదే ఇల్లు, అదే చాకిరీ, ఫిలిప్పీన్స్ ఆమెకి ఒక జీతం, మా అమ్మకి ఒక జీతం. 2006లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం నెలకి 400 డాలర్లకి తక్కువైతే మా ఆడవాళ్ళని పంపం అని పట్టుబట్టింది, మన తరఫున అలా అడిగేవాళ్ళు అప్పుడు లేరు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకి చట్టం 2015లో వచ్చింది, ఆ తర్వాతే 60 దినార్లు కనీస జీతం అన్నారు, అమ్మ అప్పటికే వచ్చేసింది. పాస్‌పోర్టు ఇంటివాళ్ళ బీరువాలో ఉండేదంట, అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, అది కూడా.

నేను చెప్పాలనుకుంది జీతం గురించి కాదు. అమ్మ వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఇంటికి ఎవరన్నా వస్తే కుర్చీలో కూర్చోదు. వంటింట్లో నిలబడే తింటుంది, కూర్చో అమ్మా అంటే అలవాటయిపోయింది అంటుంది. నేను గట్టిగా పిలిస్తే పరిగెత్తుకుని వస్తుంది, నేను కూతుర్నమ్మా అనాలనిపిస్తది. నా పెళ్ళిచూపుల్లో పిల్ల నలుపు అని అవతలివాళ్ళంటే అమ్మ వాళ్ళకి సారీ చెప్పింది. నన్ను కనడం తన తప్పన్నట్టు. వెన్నెల మేడమ్ గారు ఆ కుర్రాడు చిన్నగా అయిపోతున్నాడు అన్నారు కదా, మా అమ్మ అలా అయిపోయి ఇంకా మామూలుగా అవ్వలేదు.

వెన్నెల_రాజమండ్రి
తల్లీ, ఇది రాసినందుకు నీకు చేతులెత్తి దండం పెట్టాలనుంది.

పేట_గొంతుక
చెల్లెమ్మా నీ పోస్టు రెండుసార్లు చదివాను.

అందరూ రంగూన్ అన్నారు అమెరికా అన్నారు కువైట్ అన్నారు. నేను అమలాపురం దగ్గర ఒక పేటవాణ్ణి, నాకు ఇల్లివ్వకపోవడం గురించి తెలుసుకోడానికి ఓడెక్కక్కర్లేదు. రాజమండ్రిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇల్లు చూడ్డానికెళ్తే మొదటి ప్రశ్న మీరేవిట్లండి, అంటే కులమేంటని. చెప్తే ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండి. వెన్నెల గారు రాసిన వాక్యం అక్షరం పొల్లు పోకుండా అదే. నా రంగూ భాషా వాళ్ళ రంగూ భాషే, అందుకే వాళ్ళకి నోటితో అడగాల్సి వచ్చింది, ఆ టాంజానియా తమ్ముళ్ళని అడక్కుండానే తెలిసిపోతోంది. మా నాన్న టీకొట్టు బయట విడిగా పెట్టిన గ్లాసు తనే కడుక్కుని తాగినోడు. డాక్టరమ్మ గారు చెప్పిన బీపీ, నిద్ర లేకపోవడం, ఏ అవమానం ఎటునుంచి వస్తదో అని ఎదురుచూడ్డం, అది మా నాన్న ఒంట్లో నేను చూశాను. 2022 మేలో జిల్లాకి అంబేద్కర్ గారి పేరు పెడతామంటేనే అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఒక పేరుకి.

గౌతమి_పాయ
టాపిక్ జాతివివక్ష గురించి. కులం తెస్తే ఇక్కడ ఎప్పుడూ గొడవే అవుతుంది, ఈ మంచి చర్చ పాడవుతుంది. కులం వేరు జాతి వేరు, ఐక్యరాజ్యసమితి దగ్గర కూడా మన ప్రభుత్వం అదే చెప్పింది. దయచేసి విడిగా పెట్టుకోండి.

తణుకు_మాస్టారు
గౌతమి గారూ, మీరు చెప్పింది సగమే. 2001లో డర్బన్‌లో ప్రపంచ జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలవాళ్ళు వెళ్ళి కులాన్ని కూడా చేర్చమన్నారు, ప్రభుత్వం కాదంది, అది నిజం. కానీ జాతివివక్ష మీద 1965 అంతర్జాతీయ ఒప్పందం ఉంది, మన దేశం 1968లోనే ఆమోదించింది, అందులో జాతి, రంగుతో పాటు పుట్టుక వంశం కూడా రాసే ఉంది. దాన్ని పర్యవేక్షించే కమిటీ 2002లో కులం దాని కిందకి వస్తుందని స్పష్టంగా చెప్పింది. శాస్త్రం ప్రకారం రెండూ ఒకటి కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. గేటు దగ్గర నిలబడ్డవాడికి తగిలేది మాత్రం ఒకటే. ఆ అబ్బాయి ఈ విషయం మాట్లాడకపోతే ఈ చర్చలో ఇంకెవరు మాట్లాడాలి?

మోడరేటర్
పేట_గొంతుక గారి పోస్టు విషయంలోనే ఉంది, అలాగే ఉంటుంది. దానికింద వచ్చిన రెండు కామెంట్లు తీసేశాం, కులం పేరుతో తిట్టినవి. మళ్ళీ చేస్తే ఐడీ పోతుంది.

నర్సాపురం_నర్సు
డబ్లిన్ నుంచి రాస్తున్నాను, నైట్ డ్యూటీ బ్రేక్‌లో. 2025 జూలైలో ఇక్కడ టాలట్‌లో ఒక ఇండియన్‌ని గుంపుగా కొట్టి సగం బట్టలూడదీసి వదిలేశారు, మీరూ వార్తల్లో చూసే ఉంటారు. ఆ తర్వాత నాతో పనిచేసే మలయాళీ అమ్మాయిలూ మేమూ డ్యూటీ దిగాక అందరం కలిసే బస్టాపుకి నడుస్తున్నాం. మా వార్డులో ఐరిష్ ముసలాయన నా చెయ్యి పట్టుకుని మావాళ్ళ తరఫున నాకు సిగ్గుగా ఉందమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఇక్కడ ఉంచింది. వెన్నెల గారూ ఆ పిల్లలకి ఇల్లు దొరక్కపోయినా అలా ఒక మాట చెప్పండి, చిన్నదనుకోకండి.

డాక్టరమ్మ_భీమవరం
అవునండి, ఒక్క మనిషి తోడున్నా ఒంటి మీద ఆ భారం తగ్గుతుంది. వెన్నెల గారూ ఆ కుర్రాడికి నిద్ర, తిండి ఎలా ఉన్నాయో కనుక్కోండి, బాగా ముభావంగా ఉంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి, ఉచితం, ఎప్పుడైనా ఎత్తుతారు. రాజోలు అమ్మాయి, మీ అమ్మని ఒకసారి మా దగ్గరికి తీసుకురా తల్లీ, బీపీ అయినా చూద్దాం, వేదికలోనే నాకు మెసేజ్ పెట్టు.

అత్తిలి_రైతుబిడ్డ
అన్నీ చదివాను. నా భయం పూర్తిగా పోయిందని చెప్పను, అది అబద్ధం అవుద్ది. మా వీధోళ్ళు ఏమంటారో అన్నది కూడా ఉంది, అది ఇందాక రాయలేదు, నిజానికి పోలీసుల కంటే అదే ఎక్కువ. లాయరుగారూ ఆ సీ ఫారం ఏ సైటులో పెట్టాలో మెసేజ్ చెయ్యండి, మా అబ్బాయి చేత చూపిస్తాను. కింద పోర్షను సంక్రాంతికి ఖాళీ అవుద్ది. ముందు మనుషుల్ని చూసి మాట్లాడతాను.

ఉండి_రొయ్యలు
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేను ఉండి పక్కన రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్ని. మా దగ్గర తలకాయలు తీసే ఆడపిల్లల్లో చాలామంది ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినోళ్ళు. ఇప్పుడు దాళ్వా (రెండో పంట) నాట్లకి కూడా బెంగాల్ నుంచే దిగుతున్నారు, మన డెల్టా వరి ఆళ్ళ చేతుల మీదే నడుస్తోంది. అస్సాం వైపు పిల్లల్ని ముఖం చూసి మనోళ్ళు పిలిచే పిలుపులు నేను ఇక్కడ రాయలేను. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియాని జుట్టు చూసి వెక్కిరించి కొట్టి చంపారు, ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాలోళ్ళ కష్టాల మీద బెజ్బరువా కమిటీ వేశారు, అంత దాకా వస్తే గానీ ఎవరికీ పట్టలేదు. మా దగ్గర ఊరోళ్ళు కిరాణా కొట్టులో ఆళ్ళకి ఒక రేటు మనకి ఒక రేటు, బస్సులో పక్కన కూర్చోరు, రొయ్యల వాసనని. ఆ రొయ్యలు ఒలిచేది ఎవరి కోసం?

జీతం సంగతి నేను మేనేజరు దగ్గర మాట్లాడుతున్నాను, అది నా పని. నాకు ఇక్కడ అడగాలనుంది వేరే. ఒడిశా ఆమె ఒకామె పిల్లాడు ఏడేళ్ళోడు, బడిలో చేర్చుకోమంటే టీసీ లేదు, పుట్టిన సర్టిఫికెట్టు లేదు, తెలుగు రాదు అని పంపించేశారు. రోజంతా షెడ్డు బయట కూర్చుని ఉంటాడు. రేషను కూడా రావట్లేదు. లాయరుగారూ ఏమన్నా దారుందా?

లాయరు_కాకినాడ
ఉంది. విద్యాహక్కు చట్టం 2009, 5వ సెక్షను టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదంటుంది, 14వ సెక్షను వయసు రుజువు లేదని కాదనకూడదంటుంది. 4వ సెక్షను ప్రకారం వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకుని వెనకబడింది విడిగా చెప్పాలి, కాబట్టి తెలుగు రాదన్నది కూడా కారణం కాదు. వాళ్ళకి ఒడిశా రేషన్ కార్డు ఆధార్‌తో కలిపి ఉంటే ఇక్కడి డిపోలోనే వేలిముద్ర వేసి కేంద్రం ఇచ్చే బియ్యం తీసుకోవచ్చు, 2022 నుంచి దేశమంతా అదే పద్ధతి. ఒక తెల్లకాగితం మీద అర్జీ నేను రాసి పెడతాను, మీరు ఆ తల్లితో సంతకమో వేలిముద్రో పెట్టించి హెడ్‌మాస్టారికి ఇచ్చి రసీదు తీసుకోండి, కాదంటే మండల విద్యాధికారి దగ్గరికి. పిల్లాడి పేరు ఇక్కడ రాయొద్దు, నాకు మెసేజ్‌లో పంపండి.

పేట_గొంతుక
ఉండి అన్నా, నేను ఆదివారాలు ఖాళీయే. మా పేటలో సాయంత్రం బడి నడుపుతాం, తెలుగు అచ్చులూ హల్లులూ ఆ పిల్లాడికి నేనొచ్చి చెప్తాను. ఇంకా ఎవరన్నా పిల్లలుంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి. పలకలు నేను తెస్తాను.